పదకొండో స్తంభం దగ్గర జాగా

నాంచారమ్మను చంపింది పంచాయతీ.

పానకాలుకి ఈ విషయంలో ఏ మూలా అనుమానం లేదు. రెండేళ్ళ కిందట, మిరపకాయలు ఎండబోసే రోజుల్లో, పదకొండో స్తంభానికి దీపం వెలిగి ఉంటే అతని భార్య బతికి ఉండేది. ఆ దీపం వెలిగించాల్సింది పంచాయతీ. వెలిగించలేదు. ఆమె పోయింది. ఇందులో ఇంకో మాటకి చోటు లేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అతను ఇదే చెబుతూ వచ్చాడు.

పంచాయతీకి తోడు ఇంకో మనిషి ఉన్నాడు. గౌస్ బాషా. చీకటి పడ్డాక రోడ్డు మీద రాయి వదిలిపెట్టినవాడు. దీపం లేకపోవడం పంచాయతీ చేసిన పాపం, రాయి ఉండడం గౌస్ బాషా చేసిన పాపం. అంతకు ముందు పాతికేళ్ళు ఇద్దరూ పక్కపక్క చేలు చేసుకున్నారు. ఒక బీడీ కట్ట ఇద్దరూ కాల్చుకున్నారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. మాట్లాడనిది పానకాలే. గౌస్ బాషా మొదట్లో నాలుగైదుసార్లు "బావా" అని పిలిచి చూసి, పలక్కపోయేసరికి ఊరుకున్నాడు.

జిల్లెళ్ళపాడు నుంచి పర్చూరు వైపు పోయే తారు రోడ్డు మాఘమాసం వచ్చిందంటే సగమే రోడ్డు. మిగతా సగం కళ్ళం. చేలో మట్టి మీద ఎండబోస్తే కాయకి తేమ ఎక్కి తెల్లబడి తాలు అవుతుంది. తారు మీదైతే నాలుగు ఎండలకే గలగలలాడుతుంది. గుంటూరు యార్డులో కాయని గుప్పిట పట్టి చెవి దగ్గర ఆడించే వ్యాపారికి ఆ చప్పుడే కావాలి. అందుకని ఊళ్ళో సగంమంది రోడ్డు మీదే పోస్తారు. బళ్ళు ఎక్కకుండా కాయల చుట్టూ రాళ్ళు పేరుస్తారు. సాయంత్రం కాయ ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుంటూ ఒక్క రాయి అక్కడే ఉంచి వస్తారు. రాయి ఉందంటే ఆ జాగా వాళ్ళదని గుర్తు. తెల్లారి ఇంకొకరు వచ్చి అక్కడ కాయ పోయరు. దీన్ని ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదు. అయినా అందరూ పాటిస్తారు.

ఆ రోడ్డు మొత్తం మీద మంచి జాగా కల్వర్టు పక్కన, పదకొండో స్తంభం కింద. అక్కడ చెట్టు నీడ పడదు. పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా ఎండ తగులుతుంది. పన్నెండేళ్ళుగా అది పానకాలు జాగా. దాన్ని ఆనుకుని గౌస్ బాషా జాగా.

నాంచారమ్మ పోవడానికి ముందు సంవత్సరం ఒక సాయంత్రం ఆమె రాళ్ళన్నీ తీసి, రోడ్డు చీపురుతో ఊడ్చి వచ్చింది. గుర్తుకి ఒక్క రాయీ ఉంచలేదు. తెల్లవారి వెళ్ళేసరికి మెట్ట వీధి వాళ్ళు అక్కడ కాయ పోసుకుని కూర్చున్నారు. ఆ రోజు పానకాలు అన్నం తినలేదు. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తప్పు తనదేనని ఆమే ఒప్పుకుంది.

ఆ ఏడాదే రోడ్డు మీద రాళ్ళకి తగిలి ఒక పాలవాడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. గ్రామసభ పెట్టి తీర్మానం చేశారు. పొద్దు కుంకాక రోడ్డు మీద రాయి ఉండకూడదు, ఉన్న రాళ్ళని పారిశుద్ధ్యం వాళ్ళు ఎత్తి నీళ్ళ ట్యాంకు వెనక పడేయాలి, వీధి దీపాలు రోజూ చూసుకోవాలి. కింద నలభైమంది సంతకాలు పెట్టారు. పానకాలూ పెట్టాడు. ఐదో తరగతి దాకా చదివిన చేయి, ఒక్కో అక్షరం విడివిడిగా, స్పష్టంగా.

నాంచారమ్మ పోయిన రోజున మధ్యాహ్నం మబ్బు పట్టింది. కాయ ఎత్తేశారు. పానకాలు బస్తాలు ఇంటికి తోలుకొస్తూ, రాళ్ళన్నీ తీసేసి రమ్మని భార్యకి చెప్పాడు. గంటకి ఆమె ఇంటికొచ్చింది.

"తీశావా?"

"తీశాను."

కాయ మీద కప్పే పరదా పట్ట ఒకటి చినిగిపోయి ఉంటే, కొత్తది తేవడానికి మోపెడ్ మీద పర్చూరు బయల్దేరాడు. బీపీ మాత్రలు అయిపోయాయని ఆమె కూడా వెనక ఎక్కింది. తిరిగి వచ్చేసరికి మసక చీకటి. ఎదురుగా పత్తి బేళ్ళ లారీ లైట్లు మొహం మీద వేసుకుంటూ వచ్చింది. పానకాలు బండి అంచుకి దించాడు. వెనక నుంచి ఆమె భుజం మీద రెండుసార్లు తట్టి "ఏవయ్యో, అటు కాదు, అటు—" అంది. లారీకి భయపడిందనుకుని "ఊరుకో" అన్నాడు. ముందు చక్రం రాయి మీద ఎక్కింది. అతను రోడ్డు మీద పడ్డాడు. ఆమె కల్వర్టు గోడ మీద పడింది.

ఆమెతో అతను ఆఖరుగా అన్న మాట ఊరుకో.

ఆ తరవాత లెక్క సులువు. అక్కడ ఉన్నవి రెండు జాగాలు. తన రాళ్ళు తీశానని నాంచారమ్మ చెప్పింది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. కాబట్టి ఆ రాయి గౌస్ బాషాది. మూడో రోజున వాకిట్లో జనం కూర్చుని ఉండగా పానకాలు గౌస్ బాషాని నిలబెట్టి అడిగాడు. గౌస్ బాషా తల వంచుకుని కిందికి చూశాడు, జవాబు చెప్పలేదు. అది ఒప్పుకోవడం కాక ఇంకేమిటి.

రెండేళ్ళలో పానకాలు పెట్టని అర్జీ లేదు. మండలాఫీసులో పెట్టాడు. సోమవారం సోమవారం కలెక్టరాఫీసు మెట్లెక్కాడు. ఊళ్ళో కుర్రకారు అతనికి అర్జీల పానకాలని పేరు పెట్టారు. అతనికి పరిహారం అక్కర్లేదు. పంచాయతీ తీర్మానాల పుస్తకంలో ఒక్క వాక్యం రాయాలి. నాంచారమ్మ ఎవరి వల్ల పోయిందో, వాళ్ళ పేర్లతో. ఆ పుస్తకంలో రాస్తే చెరగదు. ఊళ్ళో వాళ్ళ నోళ్ళలో ఆమె చావు మోపెడ్ మీంచి పడిపోవడం. పుస్తకంలో అలా ఉండకూడదు.

ఈ ఏడు చలికాలం చివర్లో పైనుంచి కాగితం వచ్చింది. పంచాయతీ భద్రతా పారిశుద్ధ్య కమిటీ విచారించి, తేలిన సంగతి పుస్తకంలో నమోదు చేయాలని.

ఆ కమిటీకి పెద్ద ఐదో వార్డు మెంబరు ఉదయశ్రీ. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. గెలిచి ఏడాదిన్నర అయింది. జాకెట్లు కుట్టే అమ్మాయికి మురుగు కాలవల సంగతి ఏం తెలుసని మొదట్లో నవ్వారు. ఆమె గుడ్డ మీద గీసే సుద్దతో వెలగని స్తంభాల మీద తేదీలు రాయడం మొదలుపెట్టింది. దీపం మార్చేదాకా ఆ తేదీ అందరికీ కనబడుతూ ఉంటుంది. ట్యాంకు కడిగిన రోజు ట్యాంకు మీద రాయిస్తుంది. మంగళవారం మంగళవారం నాలుగు కుళాయిల దగ్గర గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, పసుపు రంగు తిరిగితేనే క్లోరిన్ పడిందని ఒప్పుకుంటుంది. పానకాలు ఇదంతా చూశాడు. మంచిదే అనుకున్నాడు. రెండేళ్ళు ఆలస్యం అనుకున్నాడు.

విచారణ రోజు పొద్దున అతను గాబులో నీళ్ళు ముంచి స్నానం చేశాడు. పెరట్లో రుబ్బురోలు గుంటలో కోళ్ళకి నీళ్ళు పోశాడు. ఉతికిన చొక్కా వేసుకుని, అర్జీల నకళ్ళన్నీ సంచిలో పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి నడిచాడు. కల్వర్టు మీంచి పోతే దగ్గర. అతను ఆ దారిన వెళ్ళడు.

ఆఫీసులో బ్లీచింగ్ బస్తాల వాసన. ప్లాస్టిక్ కుర్చీల్లో పదిమంది దాకా ఉన్నారు. గోడ వారగా గౌస్ బాషా నిలబడి ఉన్నాడు. నోటీసు అందుకుని వచ్చాడు. గుమ్మం బయట పారిశుద్ధ్యం పని చేసే కోటిరత్నం చీపుర్లకి తాడు బిగిస్తోంది.

"రండి పానకాలు గారూ, కూర్చోండి" అన్నాడు సెక్రటరీ రామకాంత్. మెత్తని మనిషి. చీరాల నుంచి రోజూ వచ్చి పోతుంటాడు.

"కూర్చోడానికి రాలేదు."

"టీ తాగుతావా బాబాయ్?" అంది ఉదయశ్రీ ఫ్లాస్కు మూత తీస్తూ.

"మీ పంచాయతీ టీ నాకొద్దు."

"పంచాయతీది కాదులే, మా ఇంట్లోది. మన పంచాయతీ ఇంకా టీ పోసేంత ఎదగలా."

జనం నవ్వారు. పానకాలు నవ్వలేదు. సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. వాక్యం తనే రాసుకొచ్చాడు.

"ఇది ఎక్కించండి. ఒక్క మాట కూడా తీయకుండా."

రామకాంత్ పైకి చదివాడు. "పదకొండవ స్తంభము దీపము పంచాయతీ వెలిగించనందువలన, షేక్ గౌస్ బాషా రోడ్డు మీద రాయి వదలినందువలన, నాంచారమ్మ చనిపోయినది."

గౌస్ బాషా నేల వైపు చూస్తున్నాడు, ఆ మూడో రోజు చూసినట్టే.

ఉదయశ్రీ వీధి దీపాల పుస్తకం తెరిచింది. "దీపం మాట నిజం బాబాయ్. ఆ దీపం పోయిందని పదహారు రోజుల ముందే కోటిరత్నం వచ్చి చెప్పింది. ఇందులో ఎవరూ రాసుకోలా, చూడు, ఖాళీ. ఎవరూ స్తంభం ఎక్కలా. అప్పుడు నేను లేను, అయినా ఇవాళ ఈ కుర్చీలో కూర్చుంది నేనే గనక అది మా తప్పు. రాస్తాం. రాయండి సెక్రటరీ గారూ."

రామకాంత్ పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టాడు.

పానకాలు అలాగే నిలబడ్డాడు. ఆ ఒక్క ముక్క కోసం రెండేళ్ళు తిరిగాడు. వాదనంతా వరసగా నోట్లో పెట్టుకుని వచ్చాడు. ఎదురు చెప్పేవాడు లేకపోయేసరికి ఆ మాటలన్నీ ఎక్కడ దింపుకోవాలో అతనికి తోచలేదు.

"రెండోది కూడా రాయండి" అన్నాడు.

"రెండోది చూసి రాయాలి" అంది ఉదయశ్రీ. "దీపం పంచాయతీది, మేం ఒప్పుకున్నాం. రాయి ఎవరిదో ఎవరు చూశారు? ఒక మనిషి పేరు ఈ పుస్తకంలోకి ఎక్కితే వాళ్ళ మనవళ్ళు కూడా చదువుతారు."

"చదవాలనే."

"చదవాలి సరే. నిజం చదవాలిగా."

"నేను అడిగితే వాడు కాదన్నాడా? అందరి ముందూ అడిగాను. కాదన్నాడా?"

"కాదనలా. అవునని కూడా అనలాగా." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "కోటిరత్నం, ఇట్రా. ఆ మర్నాడు పొద్దున కల్వర్టు దగ్గర ఊడ్చింది నువ్వేగా?"

కోటిరత్నం లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది. "నేనే."

"రాయి తీశావా?"

"తీశా. బండి అద్దం ముక్కలు కూడా దాని చుట్టూనే ఉన్నయ్. తీర్మానంలో చెప్పినట్టే తీసుకుపోయి ట్యాంకు వెనక పడేశా."

"ఉందా ఇంకా?"

ఆమె పానకాలు వైపు ఒకసారి చూసింది. "ఎవురొచ్చి తీసుకుపోతారు. అక్కడే ఉంది."

"పదండి, చూద్దాం" అని లేచింది ఉదయశ్రీ.

"వద్దులే అన్నా" అంది కోటిరత్నం. ఆ మాట పానకాలుతో అంది. మెల్లగా అంది. "రాళ్ళేముంది, అన్నీ ఒకటే. దీపం సంగతి రాశారుగా. పోయినామె పోయింది. ఇంటికి పో."

"నీకేం పోయింది?" అన్నాడు పానకాలు. "నీ మొగుడు బతికే ఉన్నాడు. నడు."

ఆమె ముందు నడిచింది.

ట్యాంకు వెనక తుమ్మ కంపలు కొట్టి శుభ్రం చేసి ఉంది. గోడ పక్కన రాళ్ళ కుప్ప. ఎర్ర ఇటుకలు, విరిగిన సిమెంటు దిమ్మెలు, సర్వే రాయి ముక్క, చేలల్లో దొరికే నల్ల రాళ్ళు. మూడు సీజన్ల రాళ్ళు. ఒక్కరూ తమ రాయి కోసం రాలేదు. వస్తే తీర్మానం మీరినట్టు ఒప్పుకోవాలి.

కోటిరత్నం కుప్ప దగ్గరికి వెళ్ళలేదు. పక్కగా, గోడ మూలన విడిగా పెట్టిన దాని దగ్గర ఆగింది. పైన గోనె సంచి కప్పి ఉంది. ఆమె సంచి తీసింది.

నల్లటి నునుపు రాయి. కోడిగుడ్డు ఆకారం. పైన కొయ్య పిడి దిగేసే గుంట. ఒక పక్క అరచేయంత పెచ్చు లేచిపోయి ఉంది.

రుబ్బురోలు పొత్రం.

పానకాలు దాన్ని చూశాడు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు వేటపాలెం నుంచి రోలూ పొత్రమూ బస్సు మీద వేసి పంపింది. రోడ్డు మీద దించాక రోలు బండి మీద ఇంటికొచ్చింది. పొత్రం అతనే రోడ్డు నుంచి ఇంటిదాకా భుజాన మోసుకొచ్చాడు. కొత్త పెళ్ళాం చూస్తోందని ఒంటి చేత్తో దించబోయాడు. జారి గడప మీద పడింది. పెచ్చు లేచింది. నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గ్రైండర్ కొన్నాక రోలు పెరట్లోకి చేరింది. దాని గుంటలో ఇవాళ పొద్దున కూడా కోళ్ళకి నీళ్ళు పోశాడు. రెండేళ్ళుగా రోజూ పోస్తున్నాడు. గుంటలో పొత్రం ఉంటే నీళ్ళు పోయడానికి చోటే ఉండదు. ఆ సంగతి ఒక్కరోజు కూడా తట్టలేదు.

ఉదయశ్రీ వంగి చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇలాంటిది ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎవరిదని ఎవరూ చెప్పలేరు, ఆ ఇంటివాళ్ళు తప్ప. ఆ రోట్లో పిండి రుబ్బుకున్నవాళ్ళు తప్ప. నాంచారమ్మ పండగకి గారెల పప్పు రుబ్బేటప్పుడు పక్కన కూర్చుని చెయ్యి వేసే మనిషి కోటిరత్నం. ఆమె ఇప్పుడు సంచి మడత పెడుతోంది. తల ఎత్తలేదు.

"ఎవరిది ఇది?" అంది ఉదయశ్రీ.

"నాది" అన్నాడు గౌస్ బాషా.

అందరూ అతని వైపు తిరిగారు.

"నాదేనమ్మా. మా ఇంట్లో పాత రోలుది. జాగా కోసం పెట్టా. తియ్యడం మర్చిపోయా. రాసేసుకోండి." ఆ ముక్క అతను సంతలో సరుకు పేరు చెప్పినట్టు చెప్పాడు. "బావ అన్నది నిజమే. రాయండి సెక్రటరీ గారూ, సంతకం పెడతా."

రామకాంత్ పుస్తకం ట్యాంకు మెట్టు మీద పెట్టి తెరిచాడు.

రెండేళ్ళు ఎదురుచూసిన వాక్యం. ఒప్పుకున్నవాడు ఎదురుగా ఉన్నాడు, సాక్షులు ఉన్నారు, పెన్ను మూత తీసి ఉంది. పానకాలు నోరు మూసుకుని నిలబడితే చాలు.

ఆ మధ్యాహ్నం ఎద్దుల మీద చెయ్యి వేసి బండి కదిలిస్తూ తను అన్నది అతనికి అప్పుడు గుర్తొచ్చింది. రాళ్ళన్నీ తీసేయ్, పంచాయతీ వాళ్ళు అరుస్తున్నారు. అది ఎప్పుడూ గుర్తుంది. దాని వెనకే అన్న ఇంకో మాట ఉంది. నిరుటిలాగా జాగా పోయిందో, చూడు మరి. ఒకే ఊపిరిలో రెండూ అన్నాడు. రెండూ జరగాలంటే ఎలాగో చెప్పలేదు. ఆమె అడగలేదు. అడగడం అలవాటు లేని ఇల్లు అది.

భుజం మీద రెండు దెబ్బలు. అటు కాదు, అటు.

"ఆగండి" అన్నాడు పానకాలు.

రామకాంత్ తల ఎత్తాడు.

"ఆ పేరు రాయొద్దు."

"అదేంటండీ? ఆయనే ఒప్పుకుంటున్నాడుగా."

"రాయొద్దన్నాను. అర్జీ నాది. అందులో రెండో ముక్క కొట్టేస్తున్నాను. ఎక్కడ సంతకం పెట్టాలి?"

ఉదయశ్రీ పొత్రం వైపు చూసింది, పానకాలు వైపు చూసింది. కుట్టు మిషన్ ముందు కూర్చునే మనిషికి కొలత చూపుతోనే తెలుస్తుంది.

"మరి రాయి సంగతి ఏమని రాయమంటావు బాబాయ్?"

"ఎవరిదో తేలలేదని రాయండి."

"దీపం?"

"దీపం వెలగలేదు. పదహారు రోజులు వెలగలేదు. వెలిగి ఉంటే ఏ రాయైనా కనబడేది. అది రాయండి. దానికి మాఫీ లేదు." అతను పుస్తకం వైపు వేలు చూపించాడు. "ఇంకోటి కూడా రాయండి. రోడ్డు మీద ఎవరి జాగా ఎక్కడో స్తంభాల మీద నంబరు వేయండి. పేరు రాయండి. రాయి పెట్టే పని లేకుండా."

"నిజమేగా" అన్నారెవరో వెనక నుంచి. "ఇన్నాళ్ళూ మనకి తట్టలా."

"ఇది ముందే చెప్పుంటే పోయేదిగా అర్జీల పానకాలూ" అన్నాడు మెట్ట వీధి మనిషి ఒకడు, నవ్వులాటగా. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. వాడు నోరు మూశాడు.

పానకాలు మెట్టు మీద వంగి, తన వాక్యంలో రెండో ముక్క మీద అడ్డంగా గీత గీశాడు. పక్కన సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం విడివిడిగా. గౌస్ బాషా పేరు మీద పెన్ను ఇంకోసారి నడిపి బాగా కొట్టేశాడు, ఎవరూ చదవలేనంతగా.

జనం ఆఫీసు వైపు మళ్ళారు. కోటిరత్నం పొత్రం మీద మళ్ళీ గోనె కప్పబోయింది.

"ఇంటికి చేర్చమంటావా అన్నా? బండిలో వేస్తాను" అంది చిన్నగా.

"అక్కడే ఉంచు."

"పోన్లే, నీ ఇష్టం."

అతను సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. ట్యాంకు దాటాక వెనక అడుగుల చప్పుడు వినబడింది. గౌస్ బాషా పక్కకి వచ్చి నడిచాడు. దారి పక్క పత్తి కట్టె పీకి మోపులు కట్టి పెట్టారు. చేలల్లో రెండో కోత కాయ ఎర్రగా ఉంది.

"అది నీది కాదు" అన్నాడు పానకాలు. రెండేళ్ళ తరవాత గౌస్ బాషాతో అతను అన్న మొదటి మాట.

"తెలుసు."

"మరెందుకు అన్నావ్?"

గౌస్ బాషా జేబులోంచి బీడీ తీశాడు. వెలిగించలేదు. వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పాడు.

"ఆ రోజు నువ్వు బండి తోలుకుపోయాక అక్క రాళ్ళన్నీ ఎత్తి కాలవలో పారేసింది. నీకు కనపడకుండా పెరటి దోవన ఇంటికి పోయి దాన్ని చంకనెత్తుకుని వచ్చింది. అంత బరువు ఎందుకక్కా, ఒక ఇటుక పెట్టరాదా అన్నా. ఇటుకైతే ఎవరో ఒకరు తన్నేసి జాగా ఆక్రమిస్తారురా, ఇదైతే కదల్చలేరు అంది. జాగా పోతే మీ బావ అన్నం మానేస్తాడు అంది. నవ్వుతానే అందిలే."

పానకాలు నడుస్తూనే ఉన్నాడు.

"రాళ్ళన్నీ తీశానని ఆయనతో అంటా, నువ్వు చెప్పమాక అంది. చెప్పనన్నా. ఆ మాటే చివరి మాటయింది. చెప్పనన్నాక ఎట్టా చెప్పను?"

"రెండేళ్ళు నా తిట్లు పడ్డావు."

"తిట్లేగా. అక్క నాకు అన్నం పెట్టిన మనిషి."

కల్వర్టు వచ్చింది. మాటల్లో పడి ఆ దారినే వచ్చారని పానకాలు అప్పుడు చూసుకున్నాడు. పదకొండో స్తంభం మీద సుద్ద గీతలు లేవు. దీపం బాగానే ఉందన్నమాట. పట్టపగలు దాన్ని చూసి తెలిసేదేం లేదు. కల్వర్టు గోడ మీద ఎండ పడుతోంది. జాగా ఖాళీగా ఉంది. ఈ రెండేళ్ళూ అతను అక్కడ కాయ పోయలేదు. ఇంకెవరూ పోయలేదు. ఆ సంగతి కూడా అతనికి ఇప్పుడే తెలిసింది.

గౌస్ బాషా రెండో బీడీ తీసి చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాడు.

పానకాలు ఆ బీడీ తీసుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. తప్పయిందనలేదు. అలాంటి మాటలు అతనికి రావు. వచ్చినా ఇవాళ అనడు. అగ్గిపుల్ల గీసి రెండూ వెలిగించాడు.

వారం తరవాత ఉదయశ్రీ ఇంటికి వచ్చింది. చేతిలో పుస్తకంలోని పేజీ నకలు. వెనక రంగు డబ్బా పట్టుకుని కోటిరత్నం. స్తంభాల మీద నంబర్లు వేస్తున్నారు.

"ఇదిగో బాబాయ్, నువ్వు అడిగింది. దీపం మాట, పదహారు రోజుల మాట అంతా ఉంది. చదివి వినిపించనా?"

"అక్కర్లా. అక్కడ పెట్టు."

ఆమె అరుగు మీద పెట్టి, గాలికి పోకుండా పైన చెంబు ఉంచింది. పెరట్లో కోళ్ళు రోలు చుట్టూ తిరుగుతున్నాయి. ఆమె అటు చూసింది, ఖాళీ గుంట చూసింది, చూపు తిప్పుకుంది.

"పదకొండో స్తంభం మీద నీ పేరు రాయమంటావా?"

"గౌస్ బాషా పేరు రాయి. రెండు జాగాలూ వాడివే."

"సరే." ఆమె వెళ్ళబోయి ఆగింది. "బాబాయ్, ఆ రోజు ట్యాంకు దగ్గర నువ్వు..."

"అమ్మాయ్" అన్నాడు పానకాలు. గొంతు పెంచలేదు. "రెండేళ్ళు ఆ ముక్కే చెప్పాను. ఊరందరి చెవులూ పోయేలా చెప్పాను. చెప్పాల్సింది ఏముందో అదిగో, ఆ చెంబు కింద ఉంది. ఇక ఆ సంగతి ఎత్తను. నువ్వు అడిగినా, కలెక్టరు అడిగినా, గౌస్ బాషా అడిగినా ఎత్తను. నా ముందు ఇంకెవరూ ఎత్తొద్దు."